తీగకు కట్టిన ఆనపకాయ

విశాఖపట్నం శివారులోని ఒక వినోదాల పార్కులో పడవ నడిపే గవర్రాజుకు దేవుడు చక్కటి గొంతు ఇచ్చాడు గానీ, దానికి తోడు చప్పట్ల పిచ్చి ఒకటి అంటుకుంది.

అది మామూలు పడవ కాదు. సన్నటి కాలువ మీదుగా గాజు ఇళ్లలోకి వెళ్లేది. అక్కడ రేపటి వ్యవసాయం చూపించేవారు. టమాటా మొక్కలు వేళ్లు గాలిలో వేలాడేసుకుని కాసేవి. చేపల తొట్టి నీళ్లతో పాలకూర పెరిగేది. గవర్రాజు మైకు పట్టుకుని, "చూడండి బాబూ చూడండి! నేల లేదు, దుక్కి లేదు, కాయ మాత్రం ఉంది!" అనేవాడు. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పుడుకే అతని కడుపు నిండిపోయేది.

చివరి గాజు ఇంట్లో మాత్రం గొంతు తడబడేది. అక్కడ ఉప్పునీటితో పెంచుతున్న ఆనపతీగ ఉండేది. సముద్రపు నీరు చేరి పాడైన పొలాల కోసం నస్రీన్ మేడమ్ అనే శాస్త్రవేత్త చేస్తున్న ప్రయోగం అది. ఆమె వేరే ఊరు వెళ్తూ, "గవర్రాజూ, వారం వారం తీగ ఫోటో పంపు. ఎలా ఉంటే అలాగే పంపు" అని చెప్పింది.

తీగ పూసింది. పూత రాలిపోయింది. ఒక్క పిందె లేదు.

"ఇదేంటయ్యా, ఆఖర్న బోసిగా?" అని పడవలో ఒకాయన పెదవి విరిచాడు.

అంతే! మర్నాడు గవర్రాజు రైతుబజారుకు వెళ్లి లేత ఆనపకాయలు కొనుక్కొచ్చి, ఆకుపచ్చ దారంతో తీగకు కట్టేశాడు. నవ్వకండి, ఎంత ముచ్చటగా కట్టాడంటే ఆ తీగ కూడా నమ్మేసే ఉంటుంది! వాడిపోతే కొత్తవి మార్చేవాడు. చప్పట్లు మోగిపోయాయి. ఆ ఊపులో ఫోటో కూడా మేడమ్‌కు పంపేశాడు.

ఫోటో చూసి మేడమ్ ఆనందంగా తిరిగొచ్చింది. శ్రీకాకుళం తీరం నుంచి కొందరు రైతులను కూడా వెంటబెట్టుకొచ్చింది. "ఈ కాయలు ముదిరాక గింజలు మీకే" అంటూ అందరినీ పడవ ఎక్కించింది.

ముందు బల్ల మీద కూర్చున్న పోలమ్మ అనే రైతు కాయలను కళ్లార్పకుండా చూసింది.

"బాబూ, నిజంగా ఉప్పునీళ్లకే కాసిందేటి?"

"మరే, అమ్మా" అన్నాడు గవర్రాజు నేల చూపులు చూస్తూ.

"తుపానుకి సముద్రం మా సేన్లోకొచ్చేసింది నాయనా. గడ్డి కూడా మొలవనేదు. మా ఆయన వలసపోదామంటన్నాడు. ఈ తీగ సూసొస్తాను, ఆగమన్నాను. ఇంక పోము. ఇదే ఏస్తాం."

అలా అని ఆమె తీగకు రెండు చేతులూ జోడించింది.

గవర్రాజు ఆకుపచ్చ ముడి వైపు చూశాడు. ఆ దండం తన దారానికే కదా! నోరు మూసుకుంటే ఈ పూట గడిచిపోతుంది. కానీ ఆ బజారు గింజ పడేది ఉప్పు చేరిన పోలమ్మ చేనులో. దేవుడే ఎదురుగా కూర్చుని అడిగినట్టు అనిపించింది. పడవ ఆపాడు. చేయి చాపి దారం పుటుక్కున తెంపాడు. కాయ అతని ఒడిలో పడింది.

"ఇది రైతుబజారు కాయ, తల్లీ. తీగ కాయలేదు. నేనే కట్టాను."

వెనక నుంచి ఎవరో, "టమాటాలు కూడా బజారువేనా అన్నా?" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

మేడమ్ ముఖం కందిపోయింది. "బోసి తీగ ఫోటో పంపి ఉంటే ఆ రోజే వచ్చేదాన్ని కదా!" అంటూ పడవ దిగి తీగ మొదలు దగ్గరకు వెళ్లింది. నీళ్లు చిమ్మే గొట్టం నోట్లో ఉప్పు పేరుకుని ఉంది. తీగకు సగం నీళ్లే అందుతున్నాయి. పూత రాలడానికి కారణం అదే.

ఆ రోజు నుంచి మైకు వేరే వాళ్ల చేతికి వెళ్లింది. గవర్రాజు చేతికి ఆ గొట్టం తుడిచే పని వచ్చింది. పోలమ్మ వెళ్తూ, "అబద్ధం గింజ మా సేన్లో పడకుండా ఆపినావు. ఇంకొన్నాళ్లు ఆగుతాంలే" అంది.

గవర్రాజు రోజూ దండం పెట్టుకుని గొట్టం తుడిచేవాడు. తీగ మళ్లీ పూసింది. ఒక ఉదయం ఆకుల చాటున బొటనవేలంత పిందె కనిపించింది. వెంటనే ఫోటో తీసి మేడమ్‌కు పంపాడు. ఆమె దాన్ని పోలమ్మకు పంపింది.

పోలమ్మ ఫోన్ చేసింది. "బాబూ, దారం ఏదీ?"

"లేదమ్మా" అన్నాడు గవర్రాజు, నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ. "ఈసారి తీగే పట్టుకుంది."

నీతి: లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తే చప్పట్లే దక్కుతాయి, లేదని ధైర్యంగా ఒప్పుకున్నప్పుడే అది దక్కే దారి కనిపిస్తుంది.