ఇత్తడి గుబ్బ మేకు

“తప్పయిపోయిందని ప్రతిసారీ నోరు విప్పి చెబుతూనే ఉన్నాను గురువుగారూ. ఇంకా ఏం చెయ్యమంటుంది నన్ను?”

స్టీరింగు మీద అరచేత్తో ఒక్కటి చరిచి వీరభద్రం అడిగిన ప్రశ్న ఇది. పక్క సీట్లో ఉన్నది పురుషోత్తమంగారు. తణుకులో ఇరవయ్యేళ్ళుగా గురువారం గురువారం గీత చెప్పే ఆ పెద్దాయన అడగ్గానే జవాబు చెప్పే మనిషి కాదు. ఎప్పుడూ ఉన్న అలవాటే. ఆవేళ ఆ అలవాటు మీద కూడా వీరభద్రానికి ఒళ్ళు మండిపోయింది.

భార్య సుభాషిణి జంగారెడ్డిగూడెంలో అన్నగారింటికి వెళ్ళి పదకొండు రోజులైంది. నలుగురు చుట్టాల ముందు కూర బాగాలేదని కంచం విసిరికొట్టాడీ మహానుభావుడు. మర్నాడు క్షమించమన్నాడు కూడా. ఆవిడ సంచీ సర్దుకుని బస్సెక్కింది. ఫోనెత్తడం లేదు. ఇక రానని అన్నగారి చేత చెప్పించింది. పెద్దాయన మాటైతే ఆవిడ తీసెయ్యదు కదా అని గురువుగారిని బతిమాలి కారెక్కించుకున్నాడు. ఇవాళ రాకపోతే ఇంకెప్పటికీ రాదని లోపల వణుకు. భయమేస్తే భయపడొచ్చుగా! అబ్బే, ఆయనకి భయమైనా ఆకలైనా కోపంగానే బయటికొస్తుంది.

తాడేపల్లిగూడెం దాటారో లేదో, టైరులో గాలి తగ్గిందని ముందు పసుపుపచ్చ దీపం వెలిగింది.

“మళ్ళీనా! దీని దుంపతెగ!” అని అరిచాడు వీరభద్రం. “రెణ్ణెల్లుగా ఇదే గోల గురువుగారూ. గాలి కొట్టిస్తే ఆరుతుంది, వారం తిరక్కుండా వెలుగుతుంది. పోయిన గురువారమే కొట్టించాను. ఆ దీపమే చెడిపోయి ఉంటుంది, పీకి పారేయిస్తాను.”

రోడ్డు పక్క పంక్చరు కొట్టు కనిపిస్తే ఆపాడు. దిగకుండానే కేకేశాడు. “ఏమయ్యా, వెనక ఎడం టైరు. గాలి కొట్టు, త్వరగా!”

కొట్టు నడిపే మస్తాను వంగి టైరు చూశాడు. “గాలి ఎందుకు దిగుతోందో చూడాలి సార్. చక్రం ఎత్తితే పావుగంట.”

“నిన్ను చూడమన్నానా? కొట్టమన్నాను! చెప్పిన పని చెయ్యడానికి ఏం రోగం మీకు?”

మస్తాను మొహం ముడుచుకుంది. గాలి గొట్టం అందుకున్నాడు. అప్పుడు పురుషోత్తమంగారు తలుపు తీసుకుని దిగి, కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నారు. “చక్రం ఎత్తు నాయనా. పావుగంట కాకపోతే గంట చూడు” అన్నారు.

వీరభద్రం పళ్ళు కొరుకుతూ తనూ దిగాడు. అవతల పెళ్ళాం మనసు మారే లోపల వెళ్ళాలని తనుంటే ఈయనకి కాలక్షేపమా! గురువు కాబట్టి సరిపోయింది గానీ, ఇంకెవరైనా అయితే నడిరోడ్డు అని కూడా చూడకుండా దులిపేసేవాడే.

మస్తాను సబ్బు నీళ్ళు పోసి చక్రం తిప్పాడు. ఒకచోట సన్నగా బుడగలు లేచాయి. పటకారు పెట్టి లాగాడు. వచ్చినదాన్ని గుడ్డతో తుడిచి ఎండలో తిప్పి చూశాడు.

“ఇది రోడ్డు మీద దొరికే మేకు కాదు సార్. ఇత్తడి గుబ్బ. ఎవరో ఇష్టపడి కొనుక్కున్న సరుకు.”

వీరభద్రం చెయ్యి చాచాడు. అరచేతిలో పడగానే పోల్చుకున్నాడు. “ఇది సుభాషిణిది” అన్నాడు.

సుభాషిణి జాకెట్ల మీద మగ్గం పని చేసేది. చట్రానికి బట్ట బిగించుకోడానికి ఇత్తడి గుబ్బ మేకులు ఏరి కొనుక్కుంది. రెణ్ణెల్ల కిందట ఒక పూట గాలి తగులుతుందని చట్రం కారు షెడ్డులో వేసుకుంది. కారు పెట్టే చోటు లేకుండా చేశావని ఆయన దాన్నెత్తి నేలకేసి కొట్టాడు. మర్నాడు తప్పయిందన్నాడు. విరిగిన కర్రలూ చెల్లాచెదురైన మేకులూ ఆవిడే ఊడ్చుకుంది. ఆ తర్వాత మళ్ళీ సూది పట్టలేదు. ఎందుకు పట్టలేదని ఆయన అడగనూ లేదు.

అరవడానికి నోరు తెరిచాడు వీరభద్రం. ఎవరి మీద అరవాలో తెలియలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మస్తాను రంధ్రం పూడ్చి, గాలి పట్టి, చక్రం దించాడు. వీరభద్రం అతనితో “నీ మీద ఊరికే కేకలేశాను” అన్నాడు. తర్వాత తలుపు తీసి పట్టుకున్నాడు.

“ఎక్కండి గురువుగారూ.”

పురుషోత్తమంగారు బల్ల మీంచి లేవలేదు. “నువ్వెళ్ళు. నేను బస్సులో ఇంటికి పోతాను.”

“అదేమిటండీ! మీరు వచ్చి నాలుగు మాటలు చెబుతారనేగా...”

ఆయన శిష్యుడి పిడికిలి వంక చూశారు.

“మేకు నీ చేతిలోనే ఉందిగా. ఇంకా గాలి కొట్టడానికి నేనెందుకయ్యా?”