కెల్లర్ వాళ్ళ బల్ల

"ఫాదర్, పడమటి దేశాల్లో గుడులన్నీ ఎందుకలా ఖాళీ అయిపోతున్నాయి?" అని అడిగాడు బ్రదర్ మర్రెడ్డి. అడిగి ఊరుకోలేదు, జవాబు కూడా తనే వెంట తెచ్చుకున్నాడు. వాళ్ళకి చదువెక్కువైంది, సుఖమెక్కువైంది, దేవుడితో పని లేకుండా పోయింది. వచ్చే నెల గురుమఠం సభలో దీనిమీదే వ్యాసం చదవాలి వాడు. ఫాదర్లు కావడానికి చదువుకుంటున్న మేం పన్నెండు మందిమీ తలలూపాం. మన ఊళ్ళలో పండగ పూజకి కాలు పెట్టే సందుండదు కదా, ఆ ఖాళీ గుడుల మాట వస్తే మాకు లోపల కాస్త గొప్పగానే ఉండేది.

మా గురువు ఫాదర్ శౌరయ్య గారు జర్మనీలో ఒక చిన్న పట్నంలో పదకొండేళ్ళు పనిచేసి వచ్చారు. అక్కడ ఫాదర్లు కరువై, పల్నాడు నుంచి ఈయన్ని పిలిపించుకున్నారు. వాదన ఆయనకు గిట్టదు. ఎవరేమడిగినా ఏదో ఒక జరిగిన సంగతి చెప్పి లేచిపోతారు. ఆ రోజూ అలాగే, అక్కడ తను పూజ చేసిన గుడి సంగతి ఎత్తుకున్నారు.

ఆ గుడిలో నాలుగు వందల మంది కూర్చోవచ్చు. వచ్చేది పద్నాలుగు మంది, అందరూ డెబ్భై దాటినవాళ్ళే. ప్రతి బల్ల చివరా ఇత్తడి పలక, దానిమీద ఒక కుటుంబం పేరు. తాతల నాటి నుంచి ఎవరి బల్ల వారిది. ఆ పద్నాలుగు మందీ ఎడమెడంగా పద్నాలుగు బల్లల్లో కూర్చునేవారు. హెడ్విగ్ అనే పెద్దావిడ ప్రతి శనివారం పలకలన్నీ తుడిచి మెరిపించేది, కూర్చునేవాళ్ళు లేని బల్లలవి కూడా. చెడ్డ మనిషేం కాదు. గుడి ఊడ్చేది, పూలు పెట్టేది, ఫాదర్ గారికి జ్వరమొస్తే సూప్ కాచి తెచ్చేది.

నవంబరులో ఒక ఆదివారం, ఆయన పూజ బట్టలు వేసుకుంటున్న గదికి ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. నిద్ర లేక మొహం పీక్కుపోయి ఉంది.

"మా పాపకి రేపు పొద్దున ఆపరేషన్. ఏమీ చెప్పలేమంటున్నారు డాక్టర్లు. చిన్నప్పుడెప్పుడో తప్ప నేను గుడికి రాలేదు, ప్రార్థనలేవీ గుర్తులేవు. ఊరికే కాసేపు కూర్చోవచ్చా?" అంది.

"మీకు ఇష్టమొచ్చిన చోట కూర్చోండమ్మా" అన్నారు ఫాదర్ గారు. ఆ మాట అన్నందుకు తనకెంతో సంతోషంగా ఉండిందట. ఆ గుడిలోకి కొత్త మనిషి అడుగుపెట్టి రెండేళ్ళయింది మరి.

ఆమె వెళ్ళి మూడో వరసలో కూర్చుంది. పూజ మొదలైంది. హెడ్విగ్ లేచి వచ్చి, భుజం మీద మెల్లగా తట్టి, పలక చూపించింది. ఇది కెల్లర్ వాళ్ళదమ్మా అంది. ఆమె క్షమించమని లేచి వెనక బల్లకి మారింది. అది కర్ర పట్టుకుని ఆలస్యంగా వచ్చిన ఒక పెద్దాయనది. ఆయన ఏమీ అనలేదు, వచ్చి పక్కన నిలబడ్డాడు, అంతే. ఆమె మళ్ళీ లేచింది. మూడోసారి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. తనే వంగి పలక చదువుకుని, కూర్చోకుండా వెళ్ళి చివర స్తంభం పక్కన నిలబడింది.

ఇంతకీ కెల్లర్ వాళ్ళంటే ఎవరు? అప్పటికి ఆరేళ్ళ కిందటే ప్రభుత్వ ఆఫీసుకు వెళ్ళి, మేమిక ఈ మతంలో లేమని సంతకం పెట్టి వెళ్ళిపోయినవాళ్ళు. ఆ దేశంలో అలా రాసిచ్చే పద్ధతి ఉంది. గుడి రిజిస్టరులో వాళ్ళ పేర్లు కొట్టేసింది సాక్షాత్తూ మా శౌరయ్య గారే.

పీఠం దగ్గర నిలబడ్డ ఆయనకు ఇదంతా కనబడుతూనే ఉంది. ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆ వారం బిషప్పు గారి లేఖ చదవాలి. కొత్తవాళ్ళు గుడికి ఎందుకు రావడం లేదో అందరూ గుండె మీద చెయ్యి వేసుకుని ఆలోచించాలని, నాలుగు పేజీల లేఖ. మధ్యలో ఆపితే కొంపలు మునుగుతాయన్నట్టు ఆయన చదువుకుంటూ పోయారు. మూడో పేజీ తిప్పేసరికి తలుపు చప్పుడైంది. తలెత్తితే స్తంభం దగ్గర ఎవరూ లేరు. నాలుగో పేజీ కూడా చదివారు.

పూజయ్యాక హెడ్విగ్ వచ్చి, లేఖ చాలా బాగుంది ఫాదర్, నాకు ఏడుపొచ్చింది అందట. ఈయన థాంక్స్ చెప్పారట! రెండేళ్ళకి ఆ గుడి మూసేశారు. ఎవరి బల్ల వాళ్ళు ఇళ్ళకి మోసుకుపోయారు. కెల్లర్ వాళ్ళు కూడా వచ్చి తమది పట్టుకెళ్ళారు, పెరట్లో వేసుకోవడానికి.

వింటుంటే నాకు ఆ ముసలావిడ మీద ఒళ్ళు మండిపోయింది. కాసేపటికి మా గురువు మీద కూడా మండింది, దాచుకోవడం దేనికి. మర్రెడ్డి పెన్నుకి మూత పెట్టేశాడు. వ్యాసానికి పనికొచ్చే ముక్క ఒక్కటీ దొరకలేదు కాబోలు. చివరికి చిన్న గొంతుతో అడిగాడు.

"ఆ పాప బతికిందా ఫాదర్?"

ఫాదర్ గారు కుర్చీలోంచి లేచారు.

"తెలియదయ్యా. వీధి దాటితే ఆసుపత్రి. మేం పదిహేను మందిమి ఉన్నాం. ఒక్కరమూ వెళ్ళి అడగలేదు."