అరవై నాలుగు బిరుదులతో ఈత

నది ఒడ్డున కోట కట్టుకుని ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ ఏలుతుండేవాడు. ఆయనకు అరవై నాలుగు బిరుదులు. ఆయనతో ఎవరు మాట్లాడాలన్నా ముందు అవన్నీ వరసగా చదవాలి, తరవాతే విషయం. ఒక్కటి తప్పినా నది అవతలికి వెళ్ళగొట్టేవారు. కోటలో నిప్పంటుకున్న రోజున కూడా ఈ నియమం సడలలేదు. వంటశాల కాలిపోయింది.

నలభై ఐదో ఏట రాజుకు ఈత నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. అంతకు ముందు రోజే పొరుగు రాజు నదిని ఈదుతుంటే రాణిగారు మేడమీద నుంచి కొంచెం ఎక్కువసేపు చూశారు.

ముగ్గురు గురువులు వచ్చారు. మాటమాటకీ బిరుదులు చదవడంతోనే పాఠం వేళ అయిపోయేది. ముగ్గురినీ నది దాటించారు.

నాలుగో గురువు వంతు ఆస్థాన విదూషకుడు మాచనకు వచ్చింది.

"నెల గడువు. నాకు ఈత రాకపోతే నువ్వూ వాళ్ళ వెనకే" అన్నాడు రాజు.

మాచనకు ఆ ఊరు తప్ప మరో ఊరు తెలియదు. పైగా ఆ వారమే ఇల్లు కొత్తగా కప్పించాడు. మర్నాడు పొద్దున్నే ఇద్దరు పడవవాళ్ళను తాళ్ళతో రేవులో నిలబెట్టాడు.

రాజు కిరీటంతో, భుజకీర్తులతో, బంగారు మొలతాడుతో నీళ్ళలోకి దిగాడు. రెండడుగుల అవతల గుంత ఉందని మాచనకు తెలుసు. చేతులు జోడించి మొదలుపెట్టాడు.

"రాజాధిరాజ, రాజమార్తాండ, శత్రుభయంకర..."

'సప్తసాగరాధీశ్వర' దగ్గరికి వచ్చేసరికి రాజు మెడదాకా మునిగాడు. ఇరవయ్యో బిరుదుకు కిరీటం ఒక్కటే కనిపించింది. ఇరవై రెండో దానికి అదీ లేదు. మాచన గొంతు పెంచలేదు, తగ్గించలేదు. చదువుతూనే పడవవాళ్ళకు కనుసైగ చేశాడు. వాళ్ళు రాజును గట్టుకు లాగి, బోర్లా పడుకోబెట్టి, నీళ్ళు కక్కించేసరికి చివరి బిరుదు పూర్తయింది.

"...ఉద్దండవర్మ మహాప్రభూ! ముందు గుంత ఉంది."

"ఒరే! ఆ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా!"

"రాజాధిరాజ, రాజమార్తాండ, శత్రు..."

"ఆపరా బాబూ! ఒక్క మాటలో ఏడువు."

"ప్రభూ!"

"అది చాలు. నా కిరీటమేదీ?"

"అడుగున ఉంది ప్రభూ. దానికీ ఈత రాదు."

 రాజు భుజకీర్తులు తీసి గట్టున పెట్టాడు. మొలతాడు కూడా.

మర్నాటి నుంచి పంచె బిగించి దిగాడు. మాచన "కాళ్ళు" అంటే కాళ్ళు ఆడించాడు, "తల" అంటే తల ఎత్తాడు. ఇరవై ఆరో రోజున నది దాటాడు. అవతల గట్టున చలిమంట కాచుకుంటున్న ముగ్గురు గురువులు లేచి, వణుకుతూ బిరుదులు చదవడం మొదలుపెట్టారు.

"చాల్లెండయ్యా, ఇళ్ళకు పదండి" అన్నాడు రాజు.

ఆ సాయంత్రం మాచనను పిలిపించాడు. "నీకు మంచి బిరుదు ఒకటి ఇద్దామనుకుంటున్నానురా."

"వద్దు ప్రభూ. రోజూ నీళ్ళలో దిగేవాణ్ణి."

రాజు పగలబడి నవ్వాడు. రేవు పక్కనున్న మాగాణి మాచనకు రాసిచ్చాడు. పత్రం కింద 'ఉద్దండవర్మ' అని ఒక్క పేరే ఉంది.