ఇప్పపూల బుట్టలు, ఊగే దుంగ

ఇప్పచెట్లు పూసే రోజుల్లో ఆ అడవిలో ఎవరూ పూర్తిగా మేలుకుని ఉండరు. గాలంతా మత్తుగా తీపి వాసన. మడుగు మీద మంచు పొద్దెక్కినా లేవదు. నడిచేవాళ్ళు నిద్రలో నడుస్తున్నట్టే ఉంటారు, మాట్లాడేవాళ్ళు కలలో పలవరిస్తున్నట్టే ఉంటారు.

ఆ మడుగు ఒడ్డునే జంతువుల కాలేజీ. అందులో జడలమ్మ అనే ఎలుగుబంటి చదువుతోంది. ఇద్దరు పిల్లల తల్లయ్యాక చేరింది పాపం! అయితేనేం, ఏ చుక్క ఎప్పుడు పొడుస్తుందో, ఏ తేనె ఏ పువ్వుదో గడగడా చెప్పేస్తుంది. కూడికలూ తీసివేతలూ అన్నారా, నోరు పెగలదు.

ఆ సంగతి నక్క వీరభద్రానికి బాగా తెలుసు. రోజూ ఇద్దరూ కలిసి ఇప్పపూలు ఏరేవాళ్ళు. మడుగు ఒడ్డున ఓ బండ మీద అడ్డంగా పడి ఊగే దుంగ ఉంది. ఆ చివర ఒక బుట్ట, ఈ చివర ఒక బుట్ట పెట్టి పూలు పోసేవాళ్ళు. దుంగ ఎటూ ఒరగకుండా నిలిచిందా, ఎవరి వైపు పూలు వాళ్ళవి. బుట్టలు రెండూ నక్కవే.

"చూశావా అక్కా, పూరేకంత తేడా లేదు!" అనేవాడు నక్క. "నువ్వు శ్రమపడకు, నేనే వంచుతా." అంటూ తనే ఆమె బుట్ట వంచి పూలు ఆకులో పోసిచ్చేవాడు.

సమానంగానే పంచుకుంటున్నారాయె, మరి పిల్లలు అర్ధాకలితో పడుకుంటున్నారేం? ఒక్క గాలివాన కొడితే పూలన్నీ రాలిపోతాయి. వానాకాలానికని ఎండబెట్టి దాచింది ఓ మూలకి కూడా చాలదు. లోపం తనదేనేమో, తనకే లెక్క తెలీడం లేదేమో అని జడలమ్మ లోలోపల కుమిలిపోయింది.

"తమ్ముడూ, తాబేలు టీచరమ్మ పొద్దున్నే చిన్న లెక్కలు చెబుతోందట. వెళ్దామనుకుంటున్నా" అంది ఓ రోజు.

నక్క ఏరుతున్న పూలు వదిలేసి గబగబా దగ్గరికొచ్చాడు. "అయ్యయ్యో! కాలేజీ చదివేదానివి, ఒకట్లూ రెళ్ళూ దిద్దుతావా? నలుగురూ నవ్విపోరూ? లెక్కలకి నేను లేనూ?"

నిజమే అనిపించి ఊరుకుంది. కానీ ఆ సాయంత్రం చిన్నకూన పూలు అయిపోయిన ఆకునే నాకుతుంటే చూడలేకపోయింది. నవ్వితే నవ్వుకోనీ అనుకుంది.

తెల్లవారుతూనే తల మీద ఓ టేకాకు కప్పుకుని, మంచులో దారి తడుముకుంటూ వెళ్ళింది. మంచులో మసక మసగ్గా ఇంకా ఎవరో ఉన్నారు. పొద చాటున దుప్పి కొమ్ములు కనిపించాయి, రాయి వెనక నెమలి పింఛం కనిపించింది. ఒక్కొక్కరే బయటికొచ్చారు. అందరూ కాలేజీ వాళ్ళే!

"నువ్వా!" అంది జడలమ్మ.

"నువ్వూనా!" అంది నెమలి. ఉపన్యాసాల్లో దాన్ని మించినవాళ్ళు లేరు మరి.

"సిగ్గుపడ్డం అయిపోతే కూర్చోండి" అంది తాబేలు టీచరమ్మ.

ఆమె ఓ పుల్లని రాయి మీద అడ్డంగా ఆనించింది. అటూ ఇటూ ఒకేలాంటి వెలగ చిప్పలు పెట్టింది. ఒక చిప్పలో ఆకు పొట్లం, మూడు కుంకుడుకాయలు. రెండో దాంట్లో ఏడు కుంకుడుకాయలు. పుల్ల కదలకుండా నిలిచింది.

"పొట్లంలో ఎన్నున్నాయి?"

"విప్పి చూస్తే పోలా?" అంది దుప్పి.

"విప్పకూడదు. తెలీనిదాన్ని చూసి బెదరకండి, దాని జోలికి పోకండి. పక్కనున్నవి తీయండి. ఇటు ఒకటి తీస్తే అటూ ఒకటి తీయాలి, అంతే."

జడలమ్మ గోళ్ళతో ఇటొకటి, అటొకటి తీసింది. మళ్ళీ ఇటొకటి, అటొకటి. ఇంకోసారి. ఇటు పొట్లం ఒక్కటే మిగిలింది, అటు నాలుగు కాయలు. పుల్ల మాత్రం ఇందాకటిలాగే నిలిచి ఉంది.

"నాలుగు!" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఇన్నాళ్ళూ తను భయపడింది ఇంత చిన్నదానికా అని కళ్ళు చెమ్మగిల్లాయి.

ఆ రోజు పంపకం వేళకి దుంగ సరిగ్గా నిలిచింది. నక్క బుట్ట వంచబోయాడు.

"ఆగు తమ్ముడూ. కొత్త ఆట నేర్చుకున్నా, చూద్దువుగానీ." జడలమ్మ ఇటొక దోసెడు, అటొక దోసెడు పూలు తీసి నేల మీద పోసింది. మళ్ళీ ఇటొకటి, అటొకటి.

"ఏం ఆటక్కా ఇది, చిన్నపిల్లలా?" నక్క నవ్వాడు గానీ మీసాలు వణికాయి.

క్లాసు వాళ్ళంతా, టీచరమ్మతో సహా, మంచులోంచి మెల్లగా వచ్చి చుట్టూ చేరారు. తీస్తూ తీస్తూ ఉండగా జడలమ్మ బుట్టలో పూలు అయిపోయాయి. నక్క బుట్టలో ఇంకా గుట్టగా ఉన్నాయి. దుంగ మాత్రం ఎటూ ఒరగలేదు.

"నా బుట్ట ఖాళీ, నీది ఖాళీ కాదు. అయినా దుంగ నిలిచే ఉంది. అంటే నా బుట్ట అడుగున నీకు తెలిసిందీ నాకు తెలీనిదీ ఏదో ఉంది తమ్ముడూ. ఎంతుందో కూడా చెబుతా. సరిగ్గా నీ దాంట్లో మిగిలినంత. రోజూ నా పిల్లలకంటే నువ్వు ఎక్కువ తిన్నది అంతే."

నెమలి వచ్చి జడలమ్మ బుట్ట అడుగున కుట్టిన ఆకుల్ని ముక్కుతో చీల్చింది. లోపల నున్నటి రాయి!

"దొంగ సచ్చినోడా!" అని దుప్పి అరిచింది. నక్క ఇంకేమీ ఆలోచించలేదు. ఒక్క గెంతు గెంతి, తన బుట్టని అమాంతం లాక్కున్నాడు. బరువు పోయిన దుంగ చివర దిగ్గున పైకి లేచి, వాడి గడ్డాన్ని ఠపీమని కొట్టింది. వీరభద్రం బుట్టతో సహా వెల్లకిలా వెళ్ళి మడుగులో పడ్డాడు.

"రెండు వైపులా తీయమన్నా కదర్రా. వీడొక్కడే క్లాసుకి రాలేదు!" అంది టీచరమ్మ.

నీళ్ళ మీద ఇప్పపూలు తేలుతూ ఒడ్డుకి వచ్చాయి. జడలమ్మ ఒక్కటీ వదలకుండా ఏరి, నేల మీదవీ కలిపి, పిల్లల దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ పూట చిన్నకూన ఆకు నాకలేదు. కడుపు నిండి, పూలు ఇంకా మిగిలుండగానే తల్లి ఒళ్ళో నిద్రపోయింది.

అవతలివైపు చూడకుండా తనవైపే లాక్కునేవాడి లెక్క ఎప్పటికైనా వాడి గడ్డానికే తగులుతుంది.