పొద్దు వాలేదాకా పిలవొద్దు

అనగనగా ఒక అడవి. పులులూ ఎలుగుబంట్లూ ఉన్న అడవే గానీ, ఈ కథలో వాటికి పనిలేదు. ఇది ఒక వడ్రంగిపిట్ట కథ. ముందే చెబుతున్నాను పిల్లలూ, ఇది నవ్వించే కథ కాదు.

ఆ వడ్రంగిపిట్ట పేరు ఉలయ్య. నెత్తిన ఎర్రటి కుచ్చు, ఉలిలాంటి ముక్కు. చెట్లకు తొర్రలు తొలిచి, ఇల్లు లేని పిట్టలకు ఇవ్వడం అతని వ్యాపారం. చిలుకలకూ గోరింకలకూ తొర్రలంటే ప్రాణం. కానీ తొలుచుకోవడం వాటికి చేతకాదు. అందుకని ఉలయ్య దగ్గరికి వచ్చేవి. కూలి కింద పళ్ళో పురుగులో తెచ్చి ఇచ్చేవి.

ఉలయ్య మంచి పనిమంతుడే. కానీ అతని పనికి ఒక వేళా పాళా ఉండేది కాదు. ఇక్కడ సగం తొర్ర, అక్కడ పావు తొర్ర. మధ్యలో ఇంటి నుంచి పిలుపు వస్తే చాలు, చేస్తున్న పని వదిలేసి రివ్వున ఎగిరిపోయేవాడు.

అతని ఇల్లు ఒక ఇప్పచెట్టు తొర్రలో ఉండేది. భార్య పేరు చివురమ్మ. వాళ్ళకు ఇద్దరు పసిపిల్లలు. పెద్దవాడు పొట్టు, చిన్నది తునక. వడ్రంగి ఇంట్లో పిల్లలకు అంతకంటే మంచి పేర్లు ఎక్కడ దొరుకుతాయి? పొట్టు నెమ్మదస్తుడు. తునక నోరు మాత్రం ఊరుకునేది కాదు. దూరంగా నాన్న ముక్కు టకటకలాడితే చాలు, తొర్ర అంచున తల బయటపెట్టి, "నాన్నా, నాన్నా" అని పిలిచేది. ఏమిటమ్మా అని ఉలయ్య వస్తే, "ఊరికే పిలిచాను" అనేది. ఉలయ్య నవ్వి, దాని తల నిమిరి మళ్ళీ పనికి పోయేవాడు.

ఆ ఏడు తొలకరి ముందుగా వచ్చేసింది. చిలుకకు ఇస్తానన్న తొర్ర ఇంకా సగంలోనే ఉంది. పాపం చిలుక ఆ సగం తొర్రలోనే ముడుచుకుని, తోక తడుపుకుంటూ కూర్చుంది.

"నీ మాట నమ్మి చెడ్డాను ఉలయ్యా. పని తెలిసినవాడివి, పద్ధతి తెలియనివాడివి" అంది చిలుక.

ఉలయ్య తల ఎత్తలేకపోయాడు. ఇలాగైతే రేపు తన గుమ్మం ఎవరు తొక్కుతారు, పిల్లల నోట్లోకి ముద్ద ఎక్కణ్ణుంచి వస్తుంది అని దిగులు పడ్డాడు. ఆ దిగులుతోనే కొండరాయి దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఒక కందిరీగ ఉండేది. తడిమన్ను ఉండలుగా తెచ్చి, రాతి కింద వరసగా గదులు కట్టేది. అంత పేరున్న మేస్త్రి ఆ అడవిలోనే లేదు.

"అత్తా, నీ పని ఏనాడూ ఆలస్యం కాదంటారు. రోజంతా ఎలా గడుపుతావో నాకు కాస్త చెప్పు" అని అడిగాడు ఉలయ్య.

కందిరీగ మన్ను మెత్తుతూనే చెప్పింది. "దాపరికం ఏముంది అల్లుడూ. నావి మూడే అలవాట్లు. ఒకటి, తూరుపు తెల్లబడకముందే పనిలో ఉంటాను. రెండు, పట్టిన గది పూర్తి కానిదే ఇంకో గదికి మన్ను తేను. మూడు, పని మొదలుపెట్టాక పొద్దు వాలేదాకా ఏ పిలుపూ వినను."

"పిల్లలు పిలిస్తేనో?"

"నన్నెవరూ పిలవరు" అని కందిరీగ మన్ను కోసం ఎగిరిపోయింది.

ఆ మాట ఎలాంటి గొంతుతో అందో ఉలయ్య గమనించలేదు. మూడు అలవాట్లూ మూటగట్టుకుని ఇంటికి వచ్చాడు. పిల్లల్ని ముందు కూర్చోబెట్టి చెప్పాడు. "ఇవాళ్టి నుంచి మన ఇంట్లో అన్నిటికీ ఒక వేళ ఉంటుంది. నేను పనిలో ఉన్నప్పుడు ఎవరూ పిలవొద్దు. చెప్పాల్సిందేదైనా ఉంటే పొద్దు వాలాక చెప్పండి. అప్పుడు నేను మీ వాణ్ణే."

చివురమ్మ మెల్లగా అంది. "మొదటి రెండూ బాగానే ఉన్నాయి. మూడోది పసిపిల్లలున్న ఇంటికి కుదురుతుందంటావా?"

"కందిరీగ అత్తకు కుదరలేదా? అయినా నా కోసమా ఇదంతా? పిల్లల కోసమే కదా."

పిల్లల కోసమే అన్నాక తల్లి ఇంకేమంటుంది?

పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందని సామెత ఉంది. ఆ నక్కే నయం, ఒళ్ళు చురుక్కుమనగానే దానికి తప్పు తెలిసొచ్చింది. ఉలయ్యకు ఏదీ చురుక్కుమనలేదు. పైగా బాగా కలిసొచ్చింది. అన్న రోజుకు అన్న తొర్ర సిద్ధం. చిలుక తడవకుండా పడుకుంది, అలక మాని పదిమందికి చెప్పింది. అవతలి కొండ నుంచి గుడ్లగూబ కూడా వెతుక్కుంటూ వచ్చింది. ఇంట్లో పళ్ళకూ పురుగులకూ కొదవ లేకుండా పోయింది. అది అబద్ధమని నేను అనను.

ఒకరోజు ఉలయ్య పనిలో ఉండగా తునక గొంతు వినిపించింది. "నాన్నా, నాన్నా." ఉలయ్య పళ్ళు కొరుకుతూ వచ్చాడనుకుందామంటే పిట్టకు పళ్ళు లేవు గానీ, అంత కోపంగానే వచ్చాడు. చూస్తే తొర్రలోకి నాలుగు ఎర్రచీమలు వచ్చాయి. వాటిని ఏరి మింగి, "దీనికా పిలిచావు? మీ అమ్మ వచ్చేదాకా ఆగలేవా?" అని కసిరాడు.

మరికొన్నాళ్ళకు మళ్ళీ పిలుపు. ఈసారి గొంతులో భయం లేదు, సంబరం ఉంది. ఉలయ్య వచ్చేసరికి తునక ఒక రెక్క విప్పి నిలబడి ఉంది. రెక్క చివర నల్లటి ఈక ఒకటి కొత్తగా మొలిచింది.

"చూడు నాన్నా, నీకున్నట్టే" అంది.

ఉలయ్య చూశాడు గానీ చూడలేదు. అతని కళ్ళ ముందు సగంలో వదిలి వచ్చిన పనే ఉంది. "ఈక మొలిస్తే పని మానుకుని రావాలా? ఇంకోసారి పొద్దు వాలకుండా పిలిచావంటే పలకను. చచ్చినా పలకను. గుర్తుపెట్టుకో" అన్నాడు.

తునక రెక్క ముడుచుకుంది. ఆ పిల్ల చాలా మంచి పిల్ల. గుర్తుపెట్టుకుంది.

అప్పటి నుంచి తొర్ర అంచున తల పెట్టి చూసేది గానీ, నోరు విప్పేది కాదు. ఉండుండి, "పొద్దు వాలిందా అమ్మా?" అని మాత్రం అడిగేది. ఇంకా లేదనేది చివురమ్మ. మళ్ళీ కాసేపటికి, "ఇప్పుడు వాలిందా?" తీరా పొద్దు వాలి, నాన్న వచ్చి తొర్ర అంచున వాలేసరికి పసిదాని కళ్ళు మూతలు పడిపోయేవి. పక్షి పిల్లలు చీకటి పడితే ఆగలేవు కదా. చెప్పాలనుకున్న మాటలన్నీ దాని పొట్టలోనే ఉండిపోయేవి. రేపు చెబుతుందిలే అనుకుని ఉలయ్య కూడా పడుకునేవాడు.

ఇక ఆ రోజు సంగతి. చెప్పడానికి నాకే నోరు రావడం లేదు.

ఆ రోజు ఉలయ్య గోరింకకు తొర్ర తొలుస్తున్నాడు. అదేమీ దూరం కాదు, ఇప్పచెట్టు పక్కనే ఉన్న మద్దిచెట్టు. ఒక్క ఎగురు ఎగిరితే ఇల్లు. అందుకే చివురమ్మకూ ధైర్యం వచ్చింది. "నాన్న పక్క చెట్టు మీదే ఉన్నాడు, మీకు భయం లేదు. అల్లరి చేయకండి" అని పిల్లలకు చెప్పి, చీమగుడ్ల కోసం దూరంగా పుట్టల వైపు వెళ్ళింది.

అపరాహ్ణం వేళ ఇప్పచెట్టు మొదట్లో ఎండుటాకులు కదిలాయి. ఒక జెర్రిపోతు తల పైకెత్తి చూసింది. నెమ్మదిగా మాను చుట్టుకుంటూ ఎక్కడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే, మద్దిచెట్టు మీద గోరింక అంటోంది. "అన్నా, మీ ఇంట్లో పసివాళ్ళున్నారని విన్నాను. కిక్కురుమనడం లేదేం?"

ఉలయ్య ముక్కు ఆపకుండానే గర్వంగా చెప్పాడు. "మా పిల్లలకు క్రమం నేర్పానమ్మా. పొద్దు వాలేదాకా గొంతెత్తరు."

"అదృష్టవంతుడివి. మా పిల్లలు పుడితే వాళ్ళకూ నేర్పి పెడుదువుగాని" అంది గోరింక.

ఉలయ్య వడ్రంగిపిట్ట కదా పిల్లలూ. ఆ ముక్కుతో ఒక్క పోటు పొడిస్తే జెర్రిపోతు కన్ను పోతుంది, చెట్టు దిగి పారిపోతుంది. ఒక్క పిలుపు చాలు. ఆ పిలుపు రాలేదు. ఉలయ్య టకటకా తొలుస్తూనే ఉన్నాడు.

పొద్దు వాలింది. గోరింక తొర్ర పూర్తయింది. చెప్పిన వేళకు చెప్పినట్టు ఉలయ్య ఇంటికి బయలుదేరాడు. ఆ రోజు పని ఇంటి పక్కనే కాబట్టి పిల్లలు ఇంకా మేలుకునే ఉంటారని, తునక కబుర్లు వినొచ్చని అనుకున్నాడు. అటు నుంచి చివురమ్మ కూడా ముక్కున చీమగుడ్లతో వచ్చింది.

"తునకా, పొద్దు వాలిందమ్మా. ఇప్పుడు పిలువు" అన్నాడు ఉలయ్య తొర్రలోకి వంగి.

జవాబు లేదు. తొర్ర అడుగున, చెక్కపొడి కింద, పొట్టు ఒక్కడే వణుకుతున్నాడు. తొర్ర అంచున చిన్న నల్లటి ఈక ఒకటి అంటుకుని ఉంది.

చివురమ్మ ముక్కులోని చీమగుడ్లు జారిపోయాయి. పొట్టు చెక్కపొడిలోంచి తల బయటపెట్టి చెప్పాడు.

"పాము వచ్చింది నాన్నా. నేను అరవబోయాను. చెల్లి నా నోటి మీద ముక్కు పెట్టింది. 'అరవొద్దు అన్నయ్యా, ఇంకా పొద్దు వాలలేదు. నాన్న తిడతాడు' అంది. నన్ను లోపలికి తోసి, అది అంచునే ఉండిపోయింది. నీ వైపే చూస్తూ ఉంది నాన్నా."

ఉలయ్య ఏడవలేదు. ఏడుపు రావాలంటే ఊపిరి ఆడాలి కదా. చివురమ్మ అతన్ని ఒక్క మాట అనలేదు. "నేనూ చెప్పాను, అల్లరి చేయకండని. నేనూ చెప్పాను" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అనుకుంటూ కూర్చుంది.

తెల్లవారాక ఉలయ్య కొండరాయి దగ్గరికి వెళ్ళాడు. కందిరీగ ఒక గదికి మట్టితలుపు మూస్తోంది.

"అత్తా, నువ్వు చెప్పినట్టే చేశాను. నా బిడ్డ పోయింది" అన్నాడు.

కందిరీగ మొట్టమొదటిసారి పని ఆపింది. జరిగిందంతా విన్నది. అప్పుడు తన గదుల వరుస చూపించింది.

"అల్లుడూ, ఈ గదుల్లో నేనేం చేస్తానో నీకు తెలుసా? ఒక్కో గదిలో ఒక గుడ్డు పెడతాను. దానికి కావలసిన తిండి పెడతాను. తలుపు మూసి ఎగిరిపోతాను. వాళ్ళు కళ్ళు తెరిచి బయటికి వచ్చేనాటికి నేను ఉండను. నా పిల్లల ముఖం నేను ఎరగను. పొద్దంతా పని చేయడం నాకు తేలికే, పిలిచేవాళ్ళు లేరు కాబట్టి. ఆ రోజు నువ్వు పిల్లలు పిలిస్తేనో అని అడిగావు. నన్నెవరూ పిలవరన్నాను. నేను గొప్ప చెప్పుకుంటున్నాననుకున్నావు. ఏడుపొచ్చి అన్నాను నాయనా."

ఉలయ్య వెనక్కి తిరిగాడు.

తర్వాత తునక తిరిగొచ్చిందా అని మీరు అడుగుతారు. నాకు తెలుసు, ఇలాంటి కథల్లో ఎవరో ఒక ముని వచ్చి నీళ్ళు చల్లుతాడని మీ ఆశ. ఎవరూ రాలేదు. తునక రాలేదు.

ఉలయ్య వ్యాపారం మానలేదు. పొట్టు ఉన్నాడు, తిండి కావాలి. కొన్నాళ్ళకు ఒక గిజిగాడు అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. గూళ్ళు అల్లి అమ్మే వ్యాపారం కొత్తగా మొదలుపెట్టాడట.

"మామా, ఈ అడవిలో నీ అంత ఎత్తుకు ఎదిగినవాడు లేడంటున్నారు. నీ దినచర్య ఏమిటో చెబితే నేనూ అలాగే నడుచుకుంటాను" అన్నాడు.

"తూరుపు తెల్లబడకముందే పని మొదలుపెట్టు. పట్టిన పని పూర్తయ్యాకే రెండోది పట్టు" అన్నాడు ఉలయ్య.

"మూడోది కూడా ఉందట కదా?"

ఉలయ్య ఇప్పచెట్టు వైపు చూశాడు. "ఉంది. కాసేపు పని చెయ్యి. తర్వాత ఆగు. తల పక్కకు తిప్పి ఇంటివైపు చెవి పెట్టు. పిలుపు వినపడితే వెళ్ళు. ఏమీ వినపడకపోతే ఇంకా తొందరగా వెళ్ళు."

మీరు ఎప్పుడైనా తోపులోకి వెళ్ళినప్పుడు వడ్రంగిపిట్టను గమనించండి. టకటకా కొడుతుంది. ఉన్నట్టుండి ఆగిపోతుంది. తల ఒక పక్కకు వాల్చి కదలకుండా ఉంటుంది. అలసిపోయి ఆగిందని పెద్దవాళ్ళు చెబుతారు. అది అలసట కాదు. "నాన్నా" అని ఎవరైనా పిలుస్తున్నారేమోనని వింటోంది.

నీతి: పనికి వేళ పెట్టుకోవడం మంచిదే, కానీ మనల్ని నమ్ముకున్నవాళ్ళ పిలుపుకు వేళ పెట్టకూడదు.