మూట విప్పే రోజు

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నాకు మిగిలిన రెండు పళ్ళూ ఈ క్షణమే ఊడి ఒళ్ళో పడాలి. చూశావా, పడలేదు! కాబట్టి, హైమా, నీ పదో తరగతి పిల్లల మీద పళ్ళు నూరడం ఆపి కాస్త కూర్చో. ఏడాదంతా చేసిన పనులు ఫైళ్ళలో పెట్టుకుని సోమవారం వాళ్ళు పెద్దల ముందు జవాబు చెప్పాలి, ఒక్కరికీ నోరు పెగలడం లేదు, అంతేగా? ఆ కోపానికేగా పొద్దున్నే వాళ్ళ చిత్తుకాగితాల గోతం తెచ్చి నా నీళ్ళపొయ్యి దగ్గర విసిరికొట్టావు. వేదగిరి పడ్డ పాట్ల ముందు నీది ఆవగింజ. విను.

ఏటి ఒడ్డున పెంచలయ్య అని ఒక అద్దకం గురువు ఉండేవాడు. బట్ట మీద కలంతో బొమ్మలు గీసి రంగులద్దే విద్య ఆయనది. గడ్డం ఎంత పొడుగంటే, ఆయన ఏటికి ఈవల స్నానం చేస్తే దాని కొస ఆవలి ఒడ్డున ఆరేది. మాట మాత్రం పొట్టి.

ఆ బడిలో ఒక కట్టడి ఉంది. మూడేళ్ళు నేర్చుకున్న పిల్లలు తాము వేసిన బట్టలన్నీ మూటగట్టుకొచ్చి అయిదుగురు పెద్దల ముందు విప్పాలి. ఏ బట్ట చూపించి ఏమడిగినా చెప్పాలి. చెబితే చేతికి సొంత కలం ఇస్తారు. చెప్పలేకపోతే ఇంకో ఏడాది కరక్కాయలు దంచాలి.

ఆ ఏడు ముగ్గురున్నారు. సుబ్బరాయుడు, కోటిలింగం, చెంగమ్మ. పదహారేళ్ళ పిల్లలు. చెంగమ్మ కిందటేడు మూట విప్పింది గానీ నోరు విప్పలేదు. ఈసారీ అంతే అయితే ఇక ఇంటికొచ్చెయ్యమని వాళ్ళ నాన్న కబురు పెట్టాడు.

గురువు తన పెద్ద శిష్యుడు వేదగిరిని పిలిచాడు. "ముగ్గుర్నీ గట్టెక్కించు నాయనా. పద్ధతి నీ ఇష్టం."

వేదగిరి ముందు మూటలు విప్పాడు. అలుక్కుపోయినవీ, మరకలు పడ్డవీ ఏరి నేల తుడిచే గుడ్డల్లో పారేశాడు. తలా ఏడు చక్కటి బట్టలు మిగిల్చాడు. తర్వాత జవాబులన్నీ తానే రాశాడు. ఎన్ని తాటాకులనుకున్నావు? మూడు వేల మూడు! రాసి రాసి గంటం అరిగి సూదయింది.

ఇక వల్లె వేయించడం మొదలుపెట్టాడు.

"కరక్కాయ రసంలో గేదె పాలు ఎందుకు కలుపుతాం?"

"రేఖ విస్తరించక నిలుచుటకు, అన్నా," అన్నాడు కోటిలింగం.

"అన్నా అని తాటాకులో ఉందా?"

"లేదన్నా."

"మరి?"

"రేఖ విస్తరించక నిలుచుటకు... అన్నా."

వేదగిరి నుదురు కొట్టుకున్నాడు. రెండు నెలలు కొట్టుకునేసరికి అక్కడ సొట్ట పడి, వానొస్తే సోలెడు నీళ్ళు నిలిచేవి.

"చెంగమ్మా, నల్లసిరా దేనితో చేస్తాం?"

చెంగమ్మ నేల చూపులు చూసింది.

"నిన్నే మే! ఇనుమూ బెల్లమూ కుండలో నానబెట్టేది రోజూ నువ్వే కదా?"

"నేనే అన్నా."

"మరి చెప్పడానికేం?"

"తాటాకులో ఎట్లా ఉందో మరిచిపోయానన్నా."

అప్పుడు వేదగిరి వేసిన కేకకి మూడు ఊళ్ళ అవతల గేదెలు పాలు చేపడం మానేశాయి.

తిన్నగా గురువు దగ్గరికి పోయాడు. "అయ్యా, రాళ్ళకు చెప్పినా ఈపాటికి అప్పజెప్పేవి. మగపిల్లలిద్దరూ పరవాలేదు. చెంగమ్మని మాత్రం ఆపేద్దాం. ఎల్లుండి నలుగురిలో నా తల తీసేసేట్టుంది."

"రేపు నా ముందు ఒకసారి విప్పించు," అన్నాడు పెంచలయ్య.

మర్నాడు పొద్దున మూడు మూటలూ వరసగా పెట్టారు. కాళ్ళు కడుక్కు రమ్మని గురువు పిల్లల్ని ఏటికి పంపాడు, చాప తెమ్మని వేదగిరిని లోపలికి పంపాడు. వాళ్ళు వచ్చేసరికి ఆయన గడ్డం దువ్వుకుంటూ కూర్చుని ఉన్నాడు.

కోటిలింగం మూట విప్పి, పై బట్ట ఎత్తి పట్టుకుని, చూపు ఇంటి వాసాల మీద నిలిపి అందుకున్నాడు. "ఇది నెమళ్ళ బారు. ఎడమ నెమలి పింఛమున నీలి..." గుక్క తిప్పుకోకుండా ఏడు బట్టలకీ అప్పజెప్పాడు. సుబ్బరాయుడూ అంతే. వేదగిరి తాటాకులో వరస వెంట వేలు జరుపుతూ మురిసిపోయాడు. ఒక్క ముక్క పొల్లు పోలేదు.

చెంగమ్మ మూట విప్పింది. చూసింది. మళ్ళీ మడిచి పెట్టింది.

"చెప్పు మే!" అన్నాడు వేదగిరి పళ్ళు బిగించి.

"ఎట్లా చెప్పేదన్నా? ఇవి నావి కావు."

వేదగిరి తాటాకులోంచి తల ఎత్తాడు. కోటిలింగం చేతిలో నెమళ్ళ బారు లేదు. చెంగమ్మ వేసిన ఏనుగుంది.

గురువు లేచాడు. గడప దగ్గర కాళ్ళు తుడుచుకునే గుడ్డ తీసి, పిండి, దులిపి, చెంగమ్మ ముందు పరిచాడు.

"ఇదెవరిది?"

"నాదే అయ్యా."

"ఏమైంది దీనికి?"

"ఆ రోజు పాలు చాలలేదయ్యా. ఎవరికి తెలుస్తుందిలే అని సగానికి సగం నీళ్ళు పోశాను. ఏనుగు దంతం గీస్తుంటే సిరా కళ్ళముందే పాకిపోయింది. ఇదిగో, తొండమూ కాలూ కలిసిపోయాయి. ఏడ్చాను. మళ్ళీ తడిపాను, మళ్ళీ పాకింది. అప్పట్నుంచీ ముందు అంచు మీద ఒక చుక్క పెట్టి చూస్తానయ్యా. చుక్క చుక్కలా నిలిస్తేనే బొమ్మకి పోతా..."

అక్కడితో ఆగిందా? పాల చిక్కదనం చెప్పింది, ఎండ చెప్పింది, ఏటి నీటి వడి చెప్పింది. పొయ్యి మీద అన్నం అడుగంటింది. మళ్ళీ ఎసరు పెట్టారు, అదీ అడుగంటింది.

మగపిల్లలిద్దరూ నెమ్మదిగా లేచి, మూలనున్న తుడుపు గుడ్డల కుప్ప దగ్గర చేరి తమవి వెతుక్కోసాగారు.

వేదగిరి ఒడిలో పడి ఉన్న తాటాకులు చూసి పెంచలయ్య అతని భుజం తట్టాడు.

"జవాబులన్నీ నీకు బాగా వచ్చాయి నాయనా."

వేదగిరి తాటాకులు పక్కన పెట్టి, కుప్ప దగ్గరికి పోయి, గుడ్డలన్నీ భుజాన వేసుకుని ఉతకడానికి ఏటికి నడిచాడు.

మర్నాడు చెంగమ్మ మూటలో ఎనిమిది బట్టలున్నాయి. పెద్దలు అన్నిటికంటే ముందు ఆ అలుక్కుపోయిన ఏనుగునే పట్టుకున్నారు. మధ్యాహ్నం దాకా వదల్లేదు. వదిలేటప్పుడు చేతిలో కలం పెట్టి వదిలారు.

ఇక లే, హైమా. పొయ్యి నేనింకా అంటించలేదు. నీ గోతం కట్టెల పక్కనే ఉంది, పోయి తెచ్చుకో. నెమ్మది, దాని మీద మన పిల్లి పడుకుంది. పులంత ఉంటుంది.