పెరట్లో వెయ్యని గుడారం

స్వీడన్ దేశపు ఉత్తరపు కొసన, ఆరు నెలలు మంచు కరగని ఒక చిన్న ఊళ్ళో ఫణీంద్ర అనే గనుల ఇంజనీరు ఉండేవాడు. అతనికి తెలివి ఉంది గానీ ఓపిక మాత్రం బొత్తిగా లేదు. అన్నం ముందు కూర్చుంటే ఆఫీసు గుర్తొచ్చేది, ఆఫీసులో కూర్చుంటే ఇల్లు గుర్తొచ్చేది. లిఫ్టు అర నిమిషం ఆలస్యమైతే చాలు, ఐదంతస్తులూ మెట్లెక్కిపోయి పైన ఆయాసపడుతుండేవాడు.

ఒక చలికాలం అతనికి కోరిక పుట్టింది. భార్య హైమవతితో కలిసి స్కీల మీద జారుకుంటూ, ఇంకా ఉత్తరాన మనుషులు లేని మంచు మైదానాల్లో నాలుగు రోజులు తిరిగి రావాలని. ఇక చూడండి హడావుడి! భోజనాల బల్ల మీద మ్యాపు పరిచి వారం దాకా తియ్యలేదు. హైమ పాపం కంచం ఒళ్ళో పెట్టుకుని తినేది. పొద్దున గీసిన దారిని సాయంత్రానికి చెరిపేసి, కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేవాడు.

"ఏమండీ, కాసేపు కూర్చోండి. మిమ్మల్ని చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అనేది హైమ. ఆవిడ పళ్ళ డాక్టరు. వేళ్ళతో సన్నని పని చేసే మనిషి, నెమ్మదస్తురాలు.

ఆ ఊరి స్కీ సంఘానికి పెద్ద సింహాద్రిగారు. పాతికేళ్ళుగా అక్కడే ఉంటున్నారు. దూరం వెళ్ళేవాళ్ళకి ఆయన ఒక పరీక్ష పెట్టేవారు. బాగా గాలి వీచే రోజు చూసి, పెరట్లో గుడారం వెయ్యాలి. మంచు కరిగించి టీ కాయాలి. అదంతా చేతి గ్లౌజులు తియ్యకుండా మూడుసార్లు చెయ్యాలి.

"టీ కాయడానికి కూడా పరీక్షేనా సార్!" అని నవ్వాడు ఫణీంద్ర. "మా తాతకి కాకినాడలో టీ కొట్టుండేది."

"మీ తాతగారు గ్లౌజులేసుకుని కాచారా నాయనా?" అన్నారు సింహాద్రిగారు.

గురువారం నుంచి సెలవు. వాతావరణం నాలుగు రోజులే బాగుంటుందని వార్త. ఫణీంద్ర కాలు నిలవలేదు. గుడారం కర్రలు హాల్లో ఉత్త చేతులతో ఒకసారి బిగించి చూసి, చుట్టేసి, సింహాద్రిగారికి ఫోను చేశాడు. "అయిపోయిందండీ, మూడుసార్లూ చేశాం."

"అదేమిటండీ, అంత పచ్చి అబద్ధం!" అంది హైమ.

"గంట పని కోసం రోజు పోగొట్టుకుంటామా? పద పద!" అన్నాడు. అదనంగా కొన్న గ్లౌజులు సంచి అడుగున ఎక్కడో పడేశాడు. హైమకి మనసొప్పలేదు. కానీ అతని సంబరం చూసి ఊరుకుంది.

మొదటి రోజు హాయిగా గడిచింది. రెండో రోజు మధ్యాహ్నం చెట్టూ చేమా లేని మైదానంలో గాలి లేచింది. ఎదురుగా ఉన్న మనిషి కూడా ఆనడం లేదు. గుడారం వేసుకోక తప్పదు. తీరా చూస్తే, ఆ లావు గ్లౌజులతో కర్ర గుడ్డలోకి దూరదే! ఫణీంద్ర విసుక్కుని కుడిచేతి గ్లౌజు తీసి పళ్ళతో పట్టుకున్నాడు. "హైమా, అటు లాగు!" అని అరిచాడు. నోరు తెరిచాడో లేదో గాలి గ్లౌజును ఎత్తుకుపోయింది.

అదనపు గ్లౌజులు సంచి అడుగున ఉన్నాయి, ఆ గాలిలో సంచి విప్పే వీల్లేదు. అతని చెయ్యి చూస్తుండగానే తెల్లబడుతోంది. హైమ తన గ్లౌజు ఊడదీసి అతని చేతికి తొడిగింది. "మీరు కర్రలు బిగించండి, నా చెయ్యి కోటులో పెట్టుకుంటాను," అంది. కానీ గాలికి గుడారం ఎగిరిపోతుంటే ఆ చేత్తోనే పట్టుకోవలసి వచ్చింది. అరగంట అలాగే పట్టుకుంది.

గుడారంలో చేరాక ఆమె వేళ్ళు కొవ్వొత్తుల్లా ఉన్నాయి. "నాకేం తెలియడం లేదండీ," అంది మెల్లగా. ఫణీంద్ర రుద్దబోతే ఆమె ఆపింది. "రుద్దితే చర్మం చచ్చిపోతుంది. మీ చంకలో పెట్టుకుని కదలకుండా కూర్చోండి." అయ్యో, అతనికి చేతకానిది అదొక్కటే కదా! అయినా కూర్చున్నాడు. గంటన్నర బొమ్మలా కూర్చున్నాడు. చివరికి నొప్పి తెలిసి హైమ బిగ్గరగా ఏడిస్తే, ఆ ఏడుపు విని అతనికి ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు గాలి తగ్గగానే వెనక్కి వచ్చేశారు. వేళ్ళు దక్కాయి. కానీ రెండు వేళ్ళ కొసలకి స్పర్శ రావడానికి నెలలు పడుతుందని ఆసుపత్రిలో చెప్పారు. అప్పటిదాకా పళ్ళ పని లేదు. అసలు మునుపటిలా వస్తుందో రాదో కూడా తెలియదన్నారు.

సింహాద్రిగారు చూడటానికి వచ్చారు. ఫణీంద్ర తల వంచుకుని, "మూడుసార్లు చేశామని చెప్పాను సార్. ఒక్కసారి కూడా చెయ్యలేదు," అన్నాడు.

"నాకెందుకు చెబుతావు నాయనా? తప్పయిందని చెప్పవలసింది ఆ అమ్మాయికి," అన్నారాయన.

ఫణీంద్ర భార్య వైపు తిరిగాడు. హైమ స్వెట్టరు బొత్తాం పెట్టుకోబోతోంది. అది వేళ్ళకి అందడం లేదు. మూడోసారి కూడా జారిపోయింది. అతను ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్క బొత్తామే పెట్టాడు.

పిల్లలూ, తొందరపడి మనం ఎగ్గొట్టిన శ్రమ మన మీదే పడుతుందని ఎక్కడా లేదు. మనల్ని నమ్మి వెంట వచ్చినవాళ్ళ మీద పడుతుంది. అందుకే బయలుదేరే ముందు చెయ్యవలసిన పనిని ఓపికగా, నిజంగా చెయ్యాలి.